చెంబెడు నీళ్ళు, జానెడు రబ్బరు గొట్టం

ఈ ప్రత్యేక సంచికకు "ఆరోగ్యం మీద ఏదైనా రాయండి సిస్టర్" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు రక్తపోటు గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. అవి ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. నేను రాయబోయేది మన ఇళ్ళలో తలుపు వేసుకుని చేసే పని గురించి, నలుగురిలో నోరెత్తని సంగతి గురించి. మంచాన పడ్డ మనిషికి కింది భాగం శుభ్రం చేయడం, అది సరిగ్గా జరగకపోతే వచ్చే మూత్రపు ఇన్‌ఫెక్షన్లు, దాని వెనుక ఉన్న నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర. పెద్దలు మన్నించాలి. ముప్పై ఏడేళ్ళు నర్సుగా, అందులో పధ్నాలుగేళ్ళు నర్సింగ్ ట్యూటర్‌గా పనిచేసినదాన్ని. ఈ మాటలు పలకడానికి నాకు సిగ్గు లేదు.

సిగ్గు పడవలసినది వేరే ఉంది. అది ముందు చెప్పాలి.

మన సంఘం సభ్యులొకరు, రెవెన్యూ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైనవారు, పక్షవాతం వచ్చి ఒక వృద్ధాశ్రమంలో ఉండేవారు. నెలనెలా డబ్బు తీసుకునే ఆశ్రమమే. పేర్లు వద్దు. ఆయన కూతురు విదేశం నుంచి ఓ రాత్రి ఫోన్ చేసింది. "ఆంటీ, నాన్నకు రాత్రిళ్ళు నాలుగైదుసార్లు దుప్పట్లు మార్చాల్సి వస్తోందట. వాళ్ళకు కష్టంగా ఉందని మూత్రానికి పైపు వేస్తామంటున్నారు. వేయించమంటారా?" అని అడిగింది. నిద్రమత్తులో ఉన్నాను. పోనీ పిల్లకు దిగులు తగ్గుతుందని "వేయించు అమ్మా, ఏం పర్లేదు" అన్నాను. నాలుగో నెలలో ఆయనకు వణుకుతో జ్వరం వచ్చింది. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఐసీయూలో తొమ్మిది రోజులుండి పోయారు.

ఆయన వయసు ఎనభై మూడు. ఆ గొట్టం లేకపోయినా ఇంకేదైనా వచ్చేదేమో, ఎవరూ చెప్పలేరు. కానీ ఆయనకు మూత్రం బిగిసిపోలేదు, ఆపరేషన్ కాలేదు. గొట్టం వేసింది ఆయన అవసరానికి కాదు, దుప్పట్లు మార్చేవారి సౌకర్యానికి. అలా వేయకూడదని నేనే ఎన్నో బ్యాచ్‌ల పిల్లలకు చెప్పాను. తెలిసీ అన్నాను. అందుకే ఈ వ్యాసం.

నర్సింగ్ చరిత్ర అంటే అందరూ ఫ్లారెన్స్ నైటింగేల్ చేతిలోని దీపం దగ్గర మొదలుపెడతారు. నేను నీళ్ళ దగ్గర మొదలుపెడతాను. 1854 నవంబరులో ఆమె 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనిక ఆస్పత్రికి చేరేసరికి సైనికులు తమ మలమూత్రాలలోనే పడి ఉన్నారు. తుపాకి దెబ్బలకంటే విరేచనాలు, విషజ్వరాలకే ఎక్కువమంది పోతున్నారు. ఆమె చేసిన తొలి పనులు చాకలి ఏర్పాటు, శుభ్రమైన పక్కబట్టలు, సబ్బు, తువ్వాళ్ళు. అయినా ఆ చలికాలమంతా చావులు ఆగలేదు. 1855 మార్చిలో ఇంగ్లండు నుంచి పారిశుద్ధ్య కమిషన్ వచ్చి ఆస్పత్రి కింద కుళ్ళిపోతున్న మురుగు కాలువలను బాగుచేయించాక తగ్గుముఖం పట్టాయి. ఆ పాఠం ఆమె జీవితాంతం మరవలేదు. 1859లో అచ్చైన ఆమె పుస్తకంలో రోగికి పక్కపుండు పడితే అది చాలావరకు జబ్బు తప్పు కాదని, చేసేవారి తప్పని తేల్చి చెప్పింది. సూక్ష్మక్రిముల సంగతి అప్పటికి ఆమెకు తెలియదు, చెడుగాలి వల్లే జబ్బులొస్తాయని నమ్మేది. కారణం తప్పే. చేసిన పని మాత్రం ఒప్పు.

ఆమెకంటే ఏడేళ్ళ ముందే, 1847లో, వియన్నా నగరపు పెద్దాస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే హంగేరీ డాక్టరు ఇంకా ముఖ్యమైన సంగతి కనిపెట్టాడు. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసేవారు. రెండోదానిలో మంత్రసానులు. డాక్టర్ల విభాగంలోనే బాలింతలు జ్వరమొచ్చి ఎక్కువమంది చనిపోయేవారు. ఆ విద్యార్థులు శవాలను కోసే గది నుంచి తిన్నగా వచ్చి, అదే చేతులతో బాలింతలను పరీక్ష చేస్తున్నారని ఆయన గ్రహించాడు. మే నెల నడిమి నుంచి బ్లీచింగ్ సున్నం కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన చోట, జూన్ వచ్చేసరికి ఇద్దరికి తగ్గింది. డాక్టర్ల చేతులే చంపుతున్నాయన్న మాట పెద్దలకు గిట్టలేదు. ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో, ఒంటిమీది గాయం చీము పట్టి కన్నుమూశాడు.

ప్రసూతి సంగతి మన ముసలివారికి ఎందుకని అడగవచ్చు. ఎందుకంటే చోటు అదే, దారి అదే, చేతులూ అవే. 1885లో ఎషెరిష్ అనే జర్మన్ పిల్లల వైద్యుడు పసిపిల్లల మలంలో ఒక సూక్ష్మజీవిని గుర్తించాడు. ఆయన పేరుమీదే దాన్ని ఇప్పుడు ఈ-కోలి అంటున్నారు. పేగుల్లో ఉన్నంతసేపు అది ఇంటి మనిషే. మూత్రద్వారంలోకి చేరితేనే దొంగ. ఆడవారిలో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, మన బొటనవేలంత కూడా ఉండదు. మలద్వారం దానికి చేరువలోనే ఉంటుంది. మగవారికి మూత్రమార్గం 18, 20 సెంటీమీటర్లు ఉంటుంది కనుక వయసులో ఉండగా కొంత రక్ష. ప్రొస్టేటు పెరిగి మూత్రం పూర్తిగా వెళ్ళకుండా నిలిచిపోవడం మొదలయ్యాక ఆ రక్షా పోతుంది. ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గి ఆ ప్రాంతంలోని మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గిపోతాయి. "ముందునుంచి వెనక్కి తుడవాలి, వెనకనుంచి ముందుకు కాదు" అని నర్సులకు మొదటి నెలలోనే నూరిపోసేది ఇందుకే. వినడానికి చిన్న మాట. అయినా దీన్ని తప్పు చేసేవారిని నేను లెక్కలేనంతమందిని చూశాను, అందులో పెద్ద చదువులు చదివిన కొడుకులూ ఉన్నారు.

మంచాన పడ్డ వృద్ధులను ఏళ్ళ తరబడి ఉంచే సంస్థల చరిత్రలో దయ ఎంత ఉందో నిర్లక్ష్యమూ అంత ఉంది. 1839 చలికాలంలో ఫ్రాన్సులోని సెయింట్ సెర్వాన్ అనే ఊళ్ళో జాన్ జుగాన్ అనే పనిమనిషి, చూపులేని, పక్షవాతం వచ్చిన ఓ ముసలామెను తన గదికి తెచ్చుకుని తన మంచంమీదే పడుకోబెట్టింది. అలా మొదలైంది లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సంస్థ. వారు 1882లో కలకత్తాకు వచ్చారు. మన సికింద్రాబాదులోనూ వారి వృద్ధాశ్రమం ఉంది.

ఇంగ్లండులో పేదల ఆశ్రమాలకు అనుబంధంగా ఉన్న ఆస్పత్రి వార్డుల కథ వేరు. అక్కడ ముసలివారిని మంచం ఎక్కిస్తే ఇక దింపేవారు కాదు. పక్క తడపడం ముసలితనపు లక్షణమని సరిపెట్టుకునేవారు. 1935లో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో డాక్టర్ మార్జరీ వారెన్‌కు అలాంటి రోగులు ఏడువందలకు పైగా అప్పగింతలయ్యారు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్ష చేయించింది, లేపి కూర్చోబెట్టింది, నడిపించింది, వేళకు మరుగుదొడ్డికి తీసుకుపోయే ఏర్పాటు చేసింది. చాలామంది ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. ఆమె 1943లోనూ 1946లోనూ రాసిన వ్యాసాలతో వృద్ధుల వైద్యమనేది ప్రత్యేక శాఖగా నిలబడింది. మన దేశంలో అలాంటి ప్రత్యేక విభాగం మద్రాసు జనరల్ హాస్పిటల్లో 1978లో, డాక్టర్ వి.ఎస్. నటరాజన్‌గారి ఆధ్వర్యంలో మొదలైంది. నేను ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ళకన్నమాట. అప్పటిదాకా మా మెడికల్ వార్డులో చివరి రెండు మంచాలే 'వృద్ధుల విభాగం'.

1962లో డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు, ఇద్దరు సహచరులతో కలిసి వృద్ధుల వార్డుల్లో చేసిన పరిశోధన అచ్చయింది. ఎవరికి పక్కపుండ్లు పడతాయో ముందే అంచనా వేయడానికి ఆమె పెట్టిన అయిదు అంశాల మార్కుల పట్టికలో ఒకటి మలమూత్రాలమీద అదుపు. నర్సులు చేసే పనిని నర్సే కొలిచి చూసిన తొలి పెద్ద పరిశోధనల్లో అదొకటి. మా ట్రైనింగులో ఆమె పేరు ఎవరూ చెప్పలేదు. మాకు చెప్పింది స్పిరిట్, పౌడరు. వీపుమీద, పిరుదులమీద స్పిరిట్ పోసి గట్టిగా రుద్ది పౌడరు చల్లడమే 'బ్యాక్ కేర్'. ఎర్రబడ్డ చోట అలా రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుందని, స్పిరిట్ చర్మాన్ని ఎండగొడుతుందని తర్వాత తేలింది. మేం ఎంత భక్తిగా రుద్దామో తలచుకుంటే ఇప్పటికీ చేతులు ముడుచుకోబుద్ధేస్తుంది.

ఇక గొట్టం కథకు వస్తాను. నా కథలో ఇదే ముఖ్యం.

మూత్రం బిగిస్తే తీయడానికి లోహపు గొట్టాలు పూర్వకాలం నుంచీ ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో రబ్బరు గొట్టాలు వచ్చాయి. వాటిని లోపల నిలిపి ఉంచడం కష్టం. టేపులతో తొడకు అతికించాలి, దారంతో కట్టాలి, అయినా జారిపోయేది. అమెరికాలో ఫ్రెడరిక్ ఫోలీ అనే డాక్టరు, ప్రొస్టేటు ఆపరేషన్ తర్వాత రక్తస్రావం ఆపడానికి, చివర చిన్న బుడగ ఉన్న గొట్టాన్ని రూపొందించాడు. 1929 నుంచి దానిమీద పనిచేసి 1935లో తోటి వైద్యులకు చూపించాడు. పేటెంటు మాత్రం 1936లో రబ్బరు కంపెనీకి చెందిన పాల్ రైష్ అనే మరొకరికి దక్కింది. పేటెంటు పోయినా పేరు మిగిలింది. ఈనాటికీ ప్రపంచమంతా దాన్ని ఫోలీ క్యాథెటర్ అనే అంటుంది.

బుడగ లోపల ఉబ్బి ఉంటుంది కనుక గొట్టం జారదు. రోజులు, వారాలు, నెలలు ఉంచవచ్చు. రక్తం ఆపడానికి పుట్టిన వస్తువు దుప్పటి తడవకుండా ఉండటానికి పనికొస్తుందని వార్డులు కనిపెట్టాయి. ఇక పక్క మార్చనక్కరలేదు, బెడ్‌పాన్ పెట్టనక్కరలేదు, అర్ధరాత్రి లేవనక్కరలేదు. ఫోలీ తన బుడగను అందుకోసం తయారుచేయలేదు.

మా వార్డులో, అంటే 1960, 70లలో, ఆ గొట్టం రెండో చివర ఖాళీ సెలైన్ సీసాలో వేలాడేది. సీసాకు మూత ఉండదు. మంచం కింద నేలమీద నిలబడేది. స్వీపరు తడిబట్ట పెట్టినప్పుడు తగిలి ఒరిగేది. రబ్బరు గొట్టాలు ఉడకబెట్టి మళ్ళీ వాడేవాళ్ళం. నాలుగో రోజుకు సీసాలో మూత్రం మబ్బుగా, వాసనగా ఉంటే "గొట్టం పెట్టాం కదా, అంతే" అనుకునేవాళ్ళం. అది 'అంతే' కాదని అప్పటికే తేలిపోయింది. అలా మూత లేని సీసాలో పెడితే నాలుగు రోజుల్లో దాదాపు అందరి మూత్రంలోనూ క్రిములు చేరతాయని పరిశోధనలు చూపించాయి. 1957లో ఎడ్వర్డ్ కాస్, ష్నైడర్‌మన్ అనే వారు, గొట్టం బయటి పక్కన చర్మం మీద ఉన్న బాక్టీరియా, గొట్టం చుట్టూ ఉండే తడివెంట మూత్రాశయంలోకి పాకుతుందని తేల్చారు. మరుసటి ఏడే పాల్ బీసన్ అనే పెద్ద వైద్యుడు, క్యాథెటర్ మీద అభియోగం మోపుతున్నట్లుగా ఒక సంపాదకీయమే రాశాడు. 1966లో క్యూనిన్, మెక్‌కార్మాక్ అనే ఇద్దరు గొట్టానికి, సంచికి మధ్య గాలి చొరబడకుండా మూసి ఉంచే పద్ధతి ఇన్‌ఫెక్షన్‌ను ఎంత ఆలస్యం చేస్తుందో నిరూపించారు. రోజుల్లో వచ్చేది వారాలకు జరిగింది. ఆలస్యమే సుమా, ఆపడం కాదు. నెల దాటి ఉంచితే మూసిన సంచి ఉన్నా దాదాపు అందరికీ క్రిములు చేరతాయి.

1966 నేను ఉద్యోగంలో చేరిన ఏడు. యూరోబ్యాగ్ అనే ఆ ప్లాస్టిక్ సంచీ మా వార్డుకు వచ్చేసరికి ఎనభైలు సగం గడిచాయి. ఇరవై ఏళ్ళు ఆ జ్ఞానం ఓడలో వచ్చిందో, నడిచి వచ్చిందో తెలియదు.

గొట్టాన్ని నిలిపి ఉంచకుండా, అవసరమైనప్పుడు పెట్టి తీసేసే పద్ధతి కూడా ఉంది. నాజీల బారినుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరిన డాక్టర్ లుడ్విగ్ గుట్మన్ 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్‌లో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల వార్డు తెరిచాడు. అంతకుముందు అలాంటివారు పక్కపుండ్లతోనో, మూత్రపు ఇన్‌ఫెక్షన్లతోనో ఏడాది రెండేళ్ళలో పోవడం మామూలు. రాత్రింబగళ్ళు రెండు గంటలకోసారి తిప్పి పడుకోబెట్టడం, మూత్రాన్ని ఎంతో శుచిగా వేళకు తీయడం అనే రెండు మొండి నియమాలతో వారిని బతికించి ఆటలాడించాడు. నేటి పారాలింపిక్స్ అక్కడ పుట్టినవే. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. రోగి తానే, సబ్బుతో కడుక్కున్న చేతులతో, మామూలు శుభ్రమైన గొట్టంతో వేళకు మూత్రం తీసుకుంటే చాలునని, మూత్రాశయం నిండి ఉబ్బిపోకుండా ఉండడమే ముఖ్యమని చెప్పాడు. మన వైపు రాయవెల్లూరులో, తానే కారు ప్రమాదంలో నడుము కింద స్పర్శ పోగొట్టుకున్న డాక్టర్ మేరీ వర్గీస్‌గారి పూనికతో 1966లో పునరావాస కేంద్రం వెలసింది. కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసిన మహాతల్లి ఆమె.

నన్ను ఎక్కువ ఇరకాటంలో పెట్టిన సంగతి ఇప్పుడు చెబుతాను. గొట్టం ఉన్నవారికి మూత్రద్వారం చుట్టూ రోజుకు రెండుసార్లు సేవ్లాన్‌తోనో పావిడోన్ అయోడిన్‌తోనో శుభ్రం చేయాలని నేను పదేళ్ళు పాఠం చెప్పాను. పరీక్షలో ప్రశ్నగా ఇచ్చాను, మందు పేరు రాయని పిల్లలకు మార్కులు తగ్గించాను. 1981లో అమెరికాలో జాన్ బర్క్, ఆయన బృందం ఈ ఆచారాన్ని పరీక్షకు పెట్టారు. కొందరికి రోజూ అయోడిన్‌తోనో సబ్బుతోనో ప్రత్యేకంగా శుభ్రం చేశారు, కొందరికి ఆ ప్రత్యేక తంతు ఏమీ లేదు. తంతు జరిగినవారిలో ఇన్‌ఫెక్షన్ తగ్గలేదు, పైగా కొంచెం ఎక్కువే కనిపించింది. మాటిమాటికీ గొట్టాన్ని కదపడం, చర్మాన్ని రేపడం మేలు చేయదని అర్థమైంది. గొట్టం ఉన్నంతకాలం ఆ చోట క్రిమినాశక మందులు పూయవద్దని, స్నానంలో చేసే మామూలు శుభ్రత చాలునని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2009 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. గొట్టం వేసే ముందు శుభ్రం చేయడం మాత్రం వేరే సంగతి. అప్పుడు క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం వాడితే ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గాయని 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు.

అంటే నేను మార్కులు తగ్గించిన పిల్లల్లో "గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ" అని రాసిన అమ్మాయే ఒప్పు. ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలియదు.

చర్మం కథా అంతే. మన చర్మపు పైపొర కొంచెం పులుపు స్వభావం కలది, దాని పీహెచ్ 5 ప్రాంతంలో ఉంటుంది. మూత్రం ఎక్కువసేపు నిలిస్తే అందులోని యూరియాను క్రిములు అమ్మోనియాగా మారుస్తాయి, చర్మం క్షారమవుతుంది. మలం కూడా కలిస్తే అందులోని ఎంజైములు అదనుచూసి చర్మాన్ని తినేస్తాయి. దానిపైన మనం గాఢమైన బట్టల సబ్బో, స్నానపు సబ్బో పెట్టి రుద్దితే అదీ క్షారమే. పుండుమీద కారం చల్లినట్టు. తడివల్ల ఒరుసుకుపోయే ఈ పుండ్లకు, ఒత్తిడివల్ల వచ్చే పక్కపుండ్లకు తేడా తెలియక వైద్యులే చాలాకాలం కలిపి చూసేవారు. 2007 ప్రాంతంలో గానీ వీటికి ప్రత్యేకమైన పేరు, వర్ణన కుదరలేదు. 1980లలో, తడిని జెల్లుగా మార్చి పట్టి ఉంచే పొడి కలిపిన డైపర్లు వచ్చి సాయపడ్డ మాట నిజం. కానీ "ఎంతైనా పీలుస్తుంది" అని పొద్దున వేసినది సాయంత్రం తీయడం మొదలయ్యాక, దుప్పటి పొడిగా, మనిషి తడిగా మిగిలారు.

మన దేశంలో ఈ పని ఎవరు చేశారన్నది చరిత్రలో రాయని పేజీ. ఇంట్లో అయితే కోడలు, కూతురు, భార్య. ఆస్పత్రిలో మేం నర్సులం మందులు ఇచ్చి, చార్టులు రాసి, బెడ్‌పాన్ ఆయాకు చెప్పేవాళ్ళం. ఆయా తోటికి చెప్పేది. చివరకు ఆ పని చేసే మనిషి, చదువు చెప్పించుకోని, చేతులు కడుక్కోవడానికి సబ్బుముక్క కూడా ఇవ్వని మనిషి. ఎవరు ఆ పని చేయాలన్నది కులమే నిర్ణయించేది. ఇన్‌ఫెక్షన్ రావాలా వద్దా అని తేల్చే పనిని, వార్డులో అందరికంటే తక్కువ జీతం, తక్కువ శిక్షణ ఉన్నవారికి వదిలేసి, మేం పైన నిలబడి క్రిమినాశక మందుల పేర్లు బట్టీ పట్టాం. మా హెడ్ సిస్టర్ ఒక్కావిడ మాత్రం రోజూ ఒక మంచం దగ్గర తానే మగ్గు పట్టుకునేది. మేం నవ్వుకునేవాళ్ళం.

అమెరికాలో 1987లో నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం వచ్చింది. దాని ప్రకారం అక్కడ సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. వైద్యపరమైన అవసరం లేనిదే వృద్ధులకు మూత్రపు గొట్టం వేయకూడదన్న నిబంధన కూడా దాని వెంటే వచ్చింది. మన 2007 చట్టం తల్లిదండ్రుల పోషణ బాధ్యత పిల్లలదని చెప్పింది, జిల్లాకు ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలు పెట్టాలని కూడా చెప్పింది. మంచిదే. అందులో ఉండేవారిని రాత్రి రెండు గంటలకు ఎవరు శుభ్రం చేస్తారో, వారికి ఎవరు నేర్పుతారో ఆ చట్టంలో నాకు కనిపించలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇళ్ళలో అయోమయం ఎక్కువగా ఉన్నది దీని గురించే. ఆశ్రమాల్లో ఉండే వృద్ధుల్లో నూటికి ముప్పై నలభై మంది మూత్రంలో, ఏ బాధా లేకుండానే బాక్టీరియా కనబడుతుంది. కెనడా వైద్యురాలు లిండ్సే నికోల్ 1983లో వృద్ధులైన మగవారి మీద, ఆ తర్వాత 1987లో స్త్రీల మీద పరిశోధన చేసి, బాధ లేనివారికి యాంటీబయాటిక్స్ ఇచ్చినా లాభం లేదని చూపించింది. కాబట్టి ల్యాబ్ రిపోర్టులో 'బాక్టీరియా' అన్న మాట చూసి మాత్రలు మొదలుపెట్టకండి. చలితో జ్వరం, మూత్రానికి కొత్తగా మంట, పొత్తికడుపులోనో నడుం పక్కనో నొప్పి, ఉన్నట్టుండి మనిషి బాగా తేడాగా ఉండడం, ఇలాంటివి ఉంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపాలి. మాట తడబడడం ఒక్కటే ఉంటే దానికి వేరే కారణాలూ ఉండవచ్చు, అదీ డాక్టరే తేల్చాలి.

ఇదంతా బాగుపడుతుందా అంటే, పడుతుంది. 2017లో లోనా మోడీ బృందం అచ్చువేసిన లెక్కల్లో, 400కు పైగా అమెరికా నర్సింగ్ హోముల్లో గొట్టం వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లు 54 శాతం తగ్గాయి. వారు కొత్త మందేదీ కనిపెట్టలేదు. అనవసరమైన గొట్టాలు తీసేశారు, చేతులు కడిగించారు, సిబ్బందికి నేర్పారు, కుటుంబాలతో మాట్లాడారు.

మన సభ్యుడు పోయిన రెండో నెలలో నేను ఆ ఆశ్రమానికే వెళ్ళాను. పోట్లాడడానికి అనుకుని వెళ్ళాను గానీ, అక్కడి పిల్లలను చూశాక నోరు రాలేదు. రాత్రిపూట ఇరవై ఇద్దరు వృద్ధులకు ఇద్దరే ఆయాలు, ఒక అబ్బాయి. ఎవరూ వారికి ఏమీ నేర్పలేదు. నిర్వాహకులు ఒప్పుకున్నారు కనుక నెలకు రెండు మంగళవారాలు పోతున్నాను. నేర్పేది కొత్తదేమీ కాదు. ముందు చెప్పి చేయండి, తలుపు వేయండి, దుప్పటి కప్పండి. ముందూ వెనకా చేతులు కడగండి. మొదట పేడు తీసి మలం తుడిచాక గ్లవ్స్ మార్చి, గుడ్డ మార్చి, అప్పుడు ముందునుంచి వెనక్కి, ఒక్కో తుడుపుకు గుడ్డలో కొత్త మడత. మగవారికి చివరి చర్మం వెనక్కి జరిపి కడిగితే మళ్ళీ ముందుకు తేవడం మరవకండి, మరిస్తే వాచిపోతుంది. రుద్దవద్దు, అద్దండి. గజ్జల మడతలు పొడిగా ఉండాలి. సంచి ఎప్పుడూ నడుముకంటే కింద, కానీ నేలకు తగలకుండా వేలాడాలి. ఒకరి మగ్గు, ఒకరి గుడ్డ మరొకరికి వద్దు. గొట్టం ఎందుకుందో చెప్పలేకపోతే, ఎప్పుడు తీస్తారని డాక్టరును అడగండి. మొదటి మూడు నెలల్లో నలుగురికి తీశారు. ముగ్గురు వేళకు తీసుకెళ్తే మరుగుదొడ్డికే పోతున్నారు.

ఈమధ్య ఒక మంగళవారం ఆ అబ్బాయి అడిగాడు. "అమ్మగారూ, ఏడో మంచం పెద్దాయన సిగ్గుతో కాళ్ళు దగ్గరకు లాగేసుకుంటారు. బలవంతం చేస్తే కళ్ళ నీళ్ళు పెట్టుకుంటారు. ఏం చేయమంటారు?"

మా హెడ్ సిస్టర్ ఏం చేసేదో గుర్తొచ్చింది. ఆవిడ మగ్గు ముంచుతూ రోగి ఉద్యోగం గురించి అడిగేది. నేను దుప్పటి నడుందాకా కప్పి, గోరువెచ్చని నీళ్ళు మోచేతిమీద చూసుకుని, "ఏ ఆఫీసులో చేశారండీ?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సబ్ ట్రెజరీ" అన్నారు. "ఎక్కడ?" అంటే ఊరు చెప్పారు. మార్చి ముప్పై ఒకటో తారీకు రాత్రి బిల్లులు ఎలా పాస్ చేసేవారో, లాంతరు వెలుగులో స్టాంపుల లెక్క ఎలా చూసేవారో మొదలుపెట్టారు. అబ్బాయి చేతిలోని గుడ్డ నేను అందుకోబోతే, "ఉండండి, నేను చేస్తాను" అని తనే మడత మార్చాడు. పెద్దాయన ఇంకా 1971 నాటి ఆడిట్ దగ్గరే ఉన్నారు.